కోడ్ చదువుదాం - సి నేర్చుకుందాం
- ఎం.సి.ఏ. విద్యార్థి, హాస్టల్ పూర్వ విద్యార్థి



మన హాస్టల్ నుండి డిగ్రీలో కంప్యూటర్స్ తీసుకున్నవారైనా, పాలిటెక్నిక్, బి.టెక్.లలో చేరినవారైనా అందరూ మొదట ఎదుర్కొనే సబ్జెక్టు సి లాంగ్వేజ్. ఫ్యాక్టోరియల్, ప్రైమ్ నంబర్, ఫైబొనాచి సిరీస్, మాట్రిక్స్ గుణకారం, స్టూడెంట్ రికార్డు - ఇలాంటి పదిహేను ఇరవై ప్రోగ్రాములు రికార్డులో రాస్తాం. ల్యాబ్ పరీక్షలో చీటీ తీసి, అందులో వచ్చిన ప్రోగ్రాం రాసి గట్టెక్కుతాం. మార్కులు కూడా బాగానే వస్తాయి. కాని వైవాలో "పాయింటర్ అంటే ఏమిటి?" అని అడిగితే "అడ్రస్‌ను దాచుకొనే వేరియబుల్" అని చెప్పి ఆగిపోతాం. "అడ్రస్ దాచుకోవలసిన అవసరం ఏమొచ్చింది?" అని రెండో ప్రశ్న వేస్తే చాలామంది దగ్గర జవాబు ఉండదు.

దీనికి కారణం మన తెలివి తక్కువ కావడం కాదు. నేర్చుకొనే క్రమంలోనే ఒక మెట్టు తప్పిపోయింది. మనం తెలుగు ఎలా నేర్చుకున్నాం? ముందు అక్షరాలు, గుణింతాలు దిద్దాం. తరువాత వాచకంలోని పాఠాలు, పద్యాలు, కథలు చదివాం. ఇతరులు రాసినది ఏళ్ళ తరబడి చదివిన తరువాతే సొంతంగా వ్యాసం రాశాం. సి విషయంలో మాత్రం అక్షరాలు చెప్పిన మరునాడే వ్యాసం రాయమంటున్నారు. మధ్యలో ఉండవలసిన వాచకం లేదు. ఆ వాచకం ఏది, దానిని ఎలా చదవాలి అన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. ఆ వాచకం పేరు ఆపరేటింగ్ సిస్టం సోర్స్ కోడ్.

ఆపరేటింగ్ సిస్టమే ఎందుకు?

ఆపరేటింగ్ సిస్టం అనేది కంప్యూటర్‌కు వార్డెన్ లాంటిది. హాస్టల్‌లో గదులు కొన్నే, పిల్లలు ఎక్కువ. ఎవరికి ఏ గది, భోజనానికి ఎవరు ముందు ఎవరు వెనుక, స్టోర్ రూం తాళం ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు - ఇవన్నీ వార్డెన్ చూస్తారు. అలాగే మెమరీని పంచడం, ప్రాసెసర్‌ను ప్రోగ్రాములకు వంతులవారీగా ఇవ్వడం, ఫైళ్ళను కాపాడడం ఆపరేటింగ్ సిస్టం పనులు.

సి లాంగ్వేజ్ పుట్టింది ఈ పని కోసమే. అమెరికాలోని బెల్ లాబొరేటరీస్‌లో 1969లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంను ప్రారంభించారు. మొదట అది అసెంబ్లీ భాషలో ఉండేది. ఒక యంత్రానికి రాసింది మరొక యంత్రానికి పనికొచ్చేది కాదు. తరువాత రిచీ సి భాషను తయారు చేశారు. 1973లో యూనిక్స్ ముఖ్య భాగాన్ని, అంటే కెర్నల్‌ను, సి లో తిరగరాశారు. కాబట్టి పాయింటర్లు, స్ట్రక్చర్లు, బిట్ ఆపరేటర్లు పరీక్ష పేపరు నింపడానికి పుట్టినవి కావు. ఆపరేటింగ్ సిస్టం రాయడానికి అవి కావలసి వచ్చాయి.

పొలం చూడని పిల్లవాడు నాగలి బొమ్మ గీసి మేడి, కర్రు, కాడి అని పేర్లు బట్టీ పట్టవచ్చు. కర్రు ఎందుకు అంత వాడిగా ఉండాలో మాత్రం దుక్కి దున్నేటప్పుడు చూస్తేనే తెలుస్తుంది. ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాంలో పాయింటర్‌తో పని లేదు. అక్కడ దానిని నేర్పితే బొమ్మలోని నాగలే అవుతుంది. ఆపరేటింగ్ సిస్టం కోడ్‌లో అది దుక్కిలో దిగిన నాగలి.

జిరాక్సు కాపీల కథ

కోడ్‌ను పాఠ్యపుస్తకంలా చదివించవచ్చునని చూపించినవారిలో ముఖ్యుడు ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జాన్ లయన్స్. 1975లో వచ్చిన యూనిక్స్ ఆరవ ఎడిషన్ కెర్నల్ మొత్తం సుమారు 9,000 లైన్లు. ఒక మనిషి మొదటి నుండి చివరి వరకు చదవగలిగినంత. లయన్స్ ఆ కోడ్‌కు లైన్ నంబర్లు వేసి ఒక పుస్తకంగా, దానికి వివరణను మరొక పుస్తకంగా 1970ల మధ్యలో తన విద్యార్థుల కోసం తయారు చేశారు. ఒక చేతిలో మూలం, మరో చేతిలో వ్యాఖ్యానం. మన పండితులు కావ్యాలకు టీకా తాత్పర్యాలు రాసిన పద్ధతే ఇది.

1979లో యూనిక్స్ ఏడవ ఎడిషన్ వచ్చినప్పుడు, సోర్స్ కోడ్‌ను తరగతి గదిలో పాఠంగా చెప్పకూడదని లైసెన్సులో షరతు పెట్టారు. లయన్స్ పుస్తకం బహిరంగంగా అచ్చుకు నోచుకోలేదు. అయినా అది ఆగలేదు. ఒకరి దగ్గర నుండి ఒకరు జిరాక్సు తీసుకొని, ఆ జిరాక్సుకు మళ్ళీ జిరాక్సు తీసుకొని అనేక దేశాల విద్యార్థులు, ఇంజనీర్లు చదివారు. చివరికి 1996లో అనుమతితో పుస్తకంగా వెలువడింది. లయన్స్ 1998లో మరణించారు. ఆ పాత యూనిక్స్ కోడ్‌ను ఉచితంగా వాడుకోవడానికి 2002లో అనుమతి లభించింది.

సీనియర్ల నోట్సు జిరాక్సు తీసుకొని చదివే మనకు ఈ కథ కొత్తగా అనిపించదు. ఇందులో మనం గమనించవలసిన సంగతి ఒకటుంది. అలా చదివినవారు ముందు కాగితం మీద చదివారు. కోడ్ చదవడానికి ప్రతి నిమిషం ఎదురుగా కంప్యూటర్ ఉండాలన్న నియమం లేదు.

ఏ కోడ్ చదవాలి?

"లైనక్స్ కోడ్ ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంది కదా, అదే చదువుదాం" అని కొందరు అనవచ్చు. లైనక్స్ 1991 సెప్టెంబరులో మొదటిసారి బయటికి వచ్చినప్పుడు సుమారు 10,000 లైన్లే. ఈనాడు అది మూడు కోట్ల లైన్లు దాటింది. వాచకం చదవవలసిన వాడు గ్రంథాలయం మొత్తాన్ని నెత్తికెత్తుకున్నట్లు అవుతుంది. అయితే ఆ లైనక్స్ రాసిన లైనస్ టోర్వాల్డ్స్ ఎలా నేర్చుకున్నాడో గమనించండి. అప్పటికి ఆయన హెల్సింకి విశ్వవిద్యాలయంలో 21 ఏళ్ళ విద్యార్థి. ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన ప్రొఫెసర్ ఆండ్రూ టానెన్‌బామ్ విద్యార్థుల కోసం 1987లో మినిక్స్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టంను రాసి, దాని కోడ్‌ను తన పాఠ్యపుస్తకంలోనే అచ్చు వేశారు. టోర్వాల్డ్స్ ఆ పుస్తకం చదివి, ఆ మినిక్స్ మీద పనిచేసినవాడే.

ఇప్పుడు మొదలుపెట్టేవారికి అన్నిటికంటే అనువైనది ఎక్స్‌వీ6. అమెరికాలోని ఎం.ఐ.టి.లో 2006లో విద్యార్థుల కోసం దీనిని రాశారు. పాత యూనిక్స్ ఆరవ ఎడిషన్ పద్ధతినే నేటి సి లో తిరిగి కట్టారు. 2019 నుండి రిస్క్-ఫైవ్ ప్రాసెసర్‌కు మార్చారు. కెర్నల్ మొత్తం పదివేల లైన్ల లోపే. కోడ్, దానిని వివరించే చిన్న పుస్తకం రెండూ ఉచితం. మన దేశంలో కొన్ని ఐ.ఐ.టి.లలో కూడా దీనితోనే ఆపరేటింగ్ సిస్టం పాఠాలు చెబుతున్నారు. అంటే అక్కడి విద్యార్థి ముందు ఉన్న కోడే మన ముందూ ఉంది. 

పాఠాల వరుస

మొదటి పేజీ నుండి చివరి పేజీ వరకు నవలలా చదివితే రెండో రోజే విసుగు పుడుతుంది. కింది వరుసలో చదివితే సులువు.

మొదటి పాఠం: ఎకో, క్యాట్. ఇవి కెర్నల్ బయట ఉండే చిన్న ప్రోగ్రాములు. ఎకో ఇరవై లైన్లు, క్యాట్ యాభై లైన్ల లోపు. మెయిన్ ఫంక్షన్‌కు ఆర్గ్‌సి, ఆర్గ్‌వి అని రెండు ఇన్‌పుట్లు ఎందుకు ఉంటాయో ఎకో చూస్తే తెలుస్తుంది. క్యాట్‌లో ఒక వైల్ లూప్ ఉంది. ఫైలు నుండి 512 బైట్లు చదవమని అడుగుతుంది. ఎన్ని వచ్చాయో ఒక వేరియబుల్‌లో పెట్టి, అది సున్నా కంటే ఎక్కువా అని అదే లైనులో చూస్తుంది. సున్నా వస్తే ఫైలు అయిపోయింది, సున్నా కంటే తక్కువ వస్తే తప్పు జరిగింది అని అర్థం. మన రికార్డు ప్రోగ్రాములలో ఫంక్షన్ తిరిగి ఇచ్చిన విలువను చూసే అలవాటే ఉండదు. అసలైన ప్రోగ్రాంలో దానిని చూస్తారు.

రెండో పాఠం: స్ట్రింగ్ ఫైలు. స్ట్రింగ్ పొడవు లెక్కించే ఫంక్షన్ ఇందులో ఉంది. దాని ఫర్ లూప్ లోపల ఏమీ ఉండదు, ఖాళీ. సున్నా బైటు కనిపించే వరకు లెక్క పెంచుకుంటూ పోవడమే పని. స్ట్రింగ్ చివర సున్నా ఉండాలి అన్న నియమం ఇక్కడ కంటికి కనిపిస్తుంది. దాని పక్కనే మెమ్‌మూవ్ ఉంది. ఒక చోటి బైట్లను మరో చోటికి మార్చేటప్పుడు అది ఒక్కొక్కసారి వెనుక నుండి ముందుకు కాపీ చేస్తుంది. ఎందుకు? వరుసగా వేసిన మంచాల మీద పడుకున్నవారిని తలా ఒక మంచం కుడివైపుకు జరపాలనుకోండి. ఎడమ చివరి వాడిని ముందు జరిపితే అతడు పక్కవాడి మీద పడతాడు. కుడి చివరి నుండి మొదలుపెడితే ఎవరికీ ఇబ్బంది ఉండదు. పాత చోటు, కొత్త చోటు ఒకదానిపై ఒకటి వచ్చినప్పుడు మెమ్‌మూవ్ చేసేది ఇదే.

మూడో పాఠం: కె-అలాక్. ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకోవాలంటే దీనిని గుర్తుంచుకోండి. ఫైలు వంద లైన్ల లోపే. పాయింటర్ ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు ఇందులో ఉంది.

ఎక్స్‌వీ6 తన మెమరీని 4,096 బైట్ల పేజీలుగా విడదీస్తుంది. 128 ఎం.బి. మెమరీలో ఇలాంటి పేజీలు 32,768. వీటిలో ఏవి ఖాళీయో గుర్తుంచుకోవాలి. రిజిస్టరు పెడితే ఆ రిజిస్టరుకే కొంత మెమరీ పోతుంది. మరి ఏం చేశారు?

రిజిస్టరు లేని ఒక వార్డెన్‌ను ఊహించుకోండి. ఆయన ఒక్క గది నంబరు మాత్రమే గుర్తుంచుకుంటారు, 12 అనుకుందాం. 12వ గది ఖాళీ. ఆ గది గోడ మీద సుద్దముక్కతో 31 అని రాసి ఉంది, అంటే తరువాతి ఖాళీ గది 31. ఆ గదిలో 7 అని రాసి ఉంది. ఇలా చివరి ఖాళీ గదిలో సున్నా ఉంటుంది. కొత్త విద్యార్థి వస్తే వార్డెన్ 12వ గదికి వెళ్ళి, గోడ మీది 31ని గుర్తుంచుకొని, గది ఇచ్చేస్తారు. ఎవరైనా 5వ గది ఖాళీ చేస్తే దాని గోడ మీద 31 రాసి, ఇకపై 5 గుర్తుంచుకుంటారు. అంతే. గదిలో ఎవరూ లేరు కనుక ఆ గోడ మీద రాసుకుంటే ఎవరికీ నష్టం లేదు.

కె-అలాక్‌లో జరిగేది అక్షరాలా ఇదే. ఖాళీ పేజీ మొదట్లోనే తరువాతి ఖాళీ పేజీ అడ్రస్‌ను రాసి ఉంచుతారు. గోడ మీది సుద్ద నంబరే పాయింటర్. ఇందుకు వాడిన స్ట్రక్చర్‌లో ఉన్నది ఒకే ఒక్క సభ్యం, తనలాంటి మరొక స్ట్రక్చర్‌కు పాయింటర్. పుస్తకంలో లింక్డ్ లిస్ట్ అని పది పేజీలు చదివినది ఇక్కడ పది లైన్లలో పనిచేస్తూ కనిపిస్తుంది. వట్టి పేజీని స్ట్రక్చర్‌గా చూడడానికి టైప్ కాస్టింగ్ ఎందుకు కావాలో కూడా ఇక్కడే తెలుస్తుంది.

ఇంకో రెండు విషయాలు గమనించండి. పేజీని ఖాళీ చేసేటప్పుడు దానినిండా 1 అనే బైటును నింపుతారు. పాత తాళంచెవితో ఇంకా ఎవరైనా ఆ గదిలోకి వస్తే తమ సామాను బదులు చెత్త కనిపించి తప్పు వెంటనే బయటపడాలని ఈ ఏర్పాటు. రెండోది తాళం, అంటే లాక్. ఇద్దరు గుమాస్తాలు ఒకే క్షణంలో 12వ గదిని ఇద్దరికి ఇవ్వకుండా, ఒకరు పని ముగించే వరకు రెండోవారు ఆగాలి. ప్రాసెసర్లు ఒకటికంటే ఎక్కువ ఉన్నప్పుడు ఇది తప్పనిసరి.

నాలుగో పాఠం: పైప్. ఒక ప్రోగ్రాం రాసిన దానిని మరొక ప్రోగ్రాం చదవడానికి మధ్యలో 512 బైట్ల తొట్టి ఇది. ఎన్ని బైట్లు రాశారు, ఎన్ని చదివారు అని రెండు లెక్కలు ఉంటాయి. ఈ లెక్కలు పెరుగుతూనే పోతాయి, 512 దాటినా వెనక్కి తేరు. ఎక్కడ రాయాలన్నది 512తో భాగిస్తే వచ్చే శేషం చెబుతుంది. రెండు లెక్కలు సమానమైతే తొట్టి ఖాళీ, తేడా 512 అయితే నిండినట్లు. మరి లెక్క పెరిగి పెరిగి వేరియబుల్ పట్టనంత అయితే? అది 32 బిట్ల అన్‌సైన్డ్ సంఖ్య కనుక 429,49,67,295 తరువాత సున్నాకు తిరుగుతుంది. ఆ మొత్తం చుట్టు 512తో సరిగ్గా భాగించబడుతుంది, కాబట్టి శేషం లెక్క చెడదు. తొట్టి పరిమాణం 500 పెట్టి ఉంటే ఇక్కడ దెబ్బ తినేది. అన్‌సైన్డ్ అన్న మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఐదో పాఠం: ప్రాసెస్. స్టూడెంట్ రికార్డులో రోల్ నంబరు, పేరు, మార్కులు ఉన్నట్లే ఇక్కడ ఒక్కో ప్రాసెస్‌కు నంబరు, పేరు, స్థితి, తల్లి ప్రాసెస్‌కు పాయింటర్ ఉంటాయి. ఇలాంటివి 64 ఉన్న అర్రే ఒకటి. స్థితులన్నీ ఈనమ్‌లో ఉంటాయి. నిద్రలో ఉన్నది, వంతు కోసం ఎదురు చూస్తున్నది, నడుస్తున్నది, పని ముగిసినా తల్లి ఇంకా విచారించనిది. ఈ చివరి దానికి జాంబీ అని పేరు. స్ట్రక్చర్, అర్రే, ఈనమ్ మూడూ కలిసి పనిచేయడం ఇక్కడ చూడవచ్చు.

ఆరో పాఠం: సిస్టం కాల్ పట్టిక. ఎక్స్‌వీ6లో సిస్టం కాల్స్ 21. ప్రతి దానికీ ఒక నంబరు. ఆఫీసులో కౌంటర్ నంబరు చెబితే ఆ పని చేసే గుమాస్తా దగ్గరకు పంపినట్లు, నంబరు ఇస్తే ఆ పని చేసే ఫంక్షన్‌కు పంపే అర్రే ఒకటి ఉంది. ఫంక్షన్ పాయింటర్ల అర్రే అంటే అదే. సిలబస్ చివర ఉండి ఎవరూ చదవని ఆ అధ్యాయం మీద కంప్యూటర్ మొత్తం నడుస్తోందని ఇక్కడ తెలుస్తుంది. లేని నంబరు ఇస్తే ముందే పట్టుకొని వెనక్కి పంపే పరీక్ష కూడా ఆ పక్కనే ఉంది.

పైన చెప్పిన ఫైళ్ళన్నీ కలిపినా 1,500 లైన్లు దాటవు. పేజీకి 50 లైన్ల చొప్పున 30 పేజీలు. ఒక సబ్జెక్టు గైడు కంటే చాలా తక్కువ.

ఎలా చదవాలి?

1. ఒక సిటింగ్‌కు ఒక ఫంక్షన్ చాలు. ప్రింటు పక్కన నోటుబుక్కు పెట్టుకొని, ఆ ఫంక్షన్ ఏం తీసుకుంటుంది, ఏం ఇస్తుంది, మధ్యలో ఏం మారుస్తుంది అని తెలుగులో మూడు వాక్యాలు రాయండి. మూడు వాక్యాలు రాయలేకపోతే మళ్ళీ చదవాలి.

2. పాయింటర్లు వచ్చిన చోట గళ్ళు గీసి, బాణాలు వేసి, లైను లైనుకు బాణం ఎటు మారుతుందో చూడండి.

3. ఇద్దరు ముగ్గురు కలిసి చదవండి. ఒకరు పైకి చదివి చెబుతుంటే మిగతావారు "ఈ లైను తీసేస్తే ఏమవుతుంది?" అని అడగాలి. అన్నిటికంటే ఎక్కువ నేర్పే ప్రశ్న ఇదే.

4. ల్యాబ్‌లో గాని, ఎవరిదైనా ల్యాప్‌టాప్‌లో గాని సమయం దొరికినప్పుడు లైనక్స్ మీద క్యూఈఎంయూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎక్స్‌వీ6ను నడపండి. కంప్యూటర్ లోపల ఒక ఉత్తుత్తి కంప్యూటర్‌ను ఇది చూపిస్తుంది. మీరు చేసిన మార్పు వల్ల ఎక్స్‌వీ6 ఆగిపోయినా అసలు కంప్యూటర్‌కు ఏమీ కాదు.

5. చదివిన తరువాత ఒక చిన్న పని చేయండి. ఖాళీ పేజీలు ఎన్ని ఉన్నాయో చెప్పే 22వ సిస్టం కాల్ రాయండి. తాళం వేసి, మొదటి ఖాళీ పేజీ నుండి సున్నా వచ్చే వరకు ఒక్కొక్కటి లెక్కించి, తాళం తీయాలి. లూప్ నాలుగైదు లైన్లే. వచ్చిన సంఖ్య 32,768 కంటే కొంత తక్కువగా ఉంటే సరిగ్గా రాసినట్లే. తగ్గినవి కెర్నల్, నడుస్తున్న ప్రోగ్రాములు వాడుకుంటున్న పేజీలు.

అర్థం కాని చోట

కొన్ని చోట్ల ఎంత చదివినా అర్థం కాదు. అసెంబ్లీ భాషలో ఉన్న భాగాలు, పేజ్ టేబుళ్ళు మొదటి విడతలో వదిలేయండి. పాత యూనిక్స్‌లో ఒక ప్రాసెస్ నుండి మరొక ప్రాసెస్‌కు మారే చోట, దీనిని మీరు అర్థం చేసుకోవాలని మేము ఆశించడం లేదు అనే అర్థం వచ్చే వ్యాఖ్య ఒకటి ఉంది. అది గర్వంతో రాసింది కాదని, "ఇది పరీక్షకు రాదు" అన్న ధోరణిలో రాశామని, నిజానికి అప్పుడు తమకూ అది పూర్తిగా అర్థం కాలేదని రిచీ తరువాత చెప్పారు. సి భాషను తయారు చేసిన వ్యక్తే ఆ మాట అన్నప్పుడు, ఒక పేజీ అర్థం కాలేదని మనం చదువు ఆపవలసిన పని లేదు.

ఇంగ్లీషు భయం

తెలుగు మీడియం నుండి వచ్చిన తమ్ముళ్ళకు ఒక మాట. కంప్యూటర్ పుస్తకం తెరవగానే ఇంగ్లీషు చూసి భయం వేస్తుంది. కాని 1989 ప్రమాణం ప్రకారం సి భాషలోని కీలక పదాలు మొత్తం 32 మాత్రమే. మిగతావన్నీ ప్రోగ్రామర్ పెట్టుకున్న పేర్లు, గుర్తులు. ఇంగ్లీషు వ్యాసం చదవడం కంటే సి కోడ్ చదవడానికి చాలా తక్కువ ఇంగ్లీషు చాలు. వ్యాసంలోని వాక్యానికి ఇద్దరు రెండు అర్థాలు చెప్పవచ్చు. కోడ్‌లో ఏం జరుగుతుందో నడిపి చూసి తేల్చుకోవచ్చు. ఇక్కడ మాట్లాడే తీరుకు, యాసకు మార్కులు లేవు.

దీనివల్ల ఏమి లాభం?

ఉన్నది ఉన్నట్లు చెప్పుకుందాం. ఎక్స్‌వీ6 చదివినంత మాత్రాన ఉద్యోగం రాదు, సర్టిఫికెట్ రాదు. సెమిస్టర్ పరీక్షలకు పాత ప్రశ్నపత్రాలు చూసుకోవాలి. ఇంటర్వ్యూలకు లెక్కలు, డేటా స్ట్రక్చర్లు వేరేగా సాధన చేయాలి. చదవడం ఒక్కటే సరిపోదు, రాయడమూ కావాలి.

అయినా ఒక లాభం ఖాయం. మన ఇళ్ళలో చాలామందికి "ఇది ఇలా చదువు" అని చెప్పే పెద్దవారు లేరు. వారు కూలికి వెళ్ళి మనల్ని చదివించారు కాని, పుస్తకం ముందు కూర్చొని దారి చూపే అవకాశం వారికి దొరకలేదు. అందుకే కంప్యూటర్ అంటే ఎవరో గొప్పవారు చేసిన మాయ అని, మనం దాని మీటలు నొక్కడం వరకే అని లోపల ఎక్కడో ఒక అనుమానం ఉంటుంది. కె-అలాక్ చదివి, గోడ మీది సుద్ద నంబరు లెక్క అర్థమైన రోజున ఆ అనుమానం పోతుంది. లోపల మాయ ఏమీ లేదు. ఒక మనిషి ఆలోచించి రాసిన లైన్లు ఉన్నాయి. మనిషి రాసినది మనిషి చదవగలడు, చదివినవాడు రాయగలడు.

చివరగా పూర్వ విద్యార్థులైన అన్నలకు ఒక విన్నపం. ఈ 30 పేజీల ప్రింటు, ఎక్స్‌వీ6 వివరణ పుస్తకం బైండింగ్ చేయించి హాస్టల్ లైబ్రరీలో ఒక కాపీ ఉంచుదాం. చదివినవారు మార్జిన్‌లో పెన్సిల్‌తో తమకు తెలిసింది తెలుగులో రాయాలి. తరువాతి బ్యాచ్ తమ్ముడికి మూలంతో పాటు మన వ్యాఖ్యానం కూడా అందుతుంది. మూడు నాలుగు బ్యాచ్‌లు గడిస్తే మన హాస్టల్‌కు సొంత టీకా తయారవుతుంది.